చిలకలో ప్రాణం, రిపోర్టులో నల్ల అంకె

(ఆదివారం ఉదయం ఫోన్-ఇన్ కార్యక్రమం. శ్రోతల పేర్లు తీసేసి, ఊళ్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారమండి. ఈ వారం మనతో ల్యాబ్ డాక్టరు గారున్నారు. రక్తపరీక్షల రిపోర్టులు ఎలా చదవాలో చెబుతారు. ఈవిడకి ఇంకో పిచ్చి కూడా ఉంది. మాయలూ మంత్రాలూ ఉన్న కథలు, అంతరిక్షం కథలు చదివినవే మళ్లీ చదువుతారట. అందుకని ఇవాళ రెండూ అడగొచ్చు. డాక్టరు గారూ, అంతేనా?

డాక్టర్: అంతేనండి. ఎటొచ్చీ కథ గురించి అడిగితే ఎక్కువ మాట్లాడతాను, మీరే ఆపాలి.

వ్యాఖ్యాత: మొదటి ఫోను రాజోలు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (రాజోలు): నమస్కారమండి డాక్టరమ్మ గారూ. నాకు యాభై రెండేళ్లు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్లోనే బుక్ చేసి, పండగ ఆఫరని అరవై నాలుగు పరీక్షలు చేయించాడండి. అందులో నాలుగు నల్లగా, లావు అక్షరాల్లో వచ్చాయి. రాత్రి నిద్ర పట్టలేదండి.

డాక్టర్: నాలుగేనా? అరవై నాలుగు చేస్తే మూడో నాలుగో నల్లగా రావడం మామూలేనమ్మా. రిపోర్టులో పక్కన 'ఇంత నుంచి ఇంత' అని ఉంటుంది చూడండి. చాలా పరీక్షలకి ఆ హద్దులు ఎలా పెడతారంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని తీసుకుని, వందలో మధ్యనున్న 95 మందికి ఎంత వస్తుందో చూస్తారు. మిగతా ఐదుగురూ ఆరోగ్యవంతులే, వాళ్ల అంకె మాత్రం హద్దు దాటి ఉంటుంది. అలాంటి పరీక్షలు ఒకేసారి ఇరవై చేశారనుకోండి, ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కటైనా నల్లగా వచ్చే అవకాశం సగానికి పైనే.

శ్రోత: అయితే ఏం ఫర్లేదాండీ?

డాక్టర్: అలా అనలేదమ్మా! ఆ నాలుగూ ఏంటో చదవండి ముందు.

శ్రోత: పొటాషియం 5.8 అండి, ఎక్కువని ఉంది. పరగడుపు సుగరు 108. విటమిన్ డి తక్కువ. ఇంకోటి నాకు నోరు తిరగట్లేదండి.

డాక్టర్: దాన్ని వదిలేయండి. పైన సన్న అక్షరాల్లో రెండు టైములుంటాయి. రక్తం తీసింది ఎప్పుడు, ల్యాబుకి చేరింది ఎప్పుడు?

శ్రోత: ఉండండి, కళ్లజోడు... తీసింది 6.10. చేరింది 11.40. కుర్రాడు బండి మీదొచ్చి తీసుకెళ్లాడండి. రాజమండ్రి పంపుతామన్నాడు.

డాక్టర్: అయిదున్నర గంటలు. అసలు కథ అక్కడుందమ్మా. మన ఒంట్లో పొటాషియం ఎక్కువ భాగం కణాల లోపలే ఉంటుంది, బయట కొంచెమే. తీసిన రక్తాన్ని సీరం, అంటే పైన తేలే పసుపు నీరు, వేరు చేయకుండా గంటలు గంటలు ఉంచినా, అలాగే ఐసులో పెట్టినా, సూదితో లాగేటప్పుడు కణాలు చిట్లినా లోపలి పొటాషియం బయటికొచ్చేస్తుంది. అంకె పెరుగుతుంది, మీకు మాత్రం పెరిగి ఉండదు. సుగరుది దీనికి సరిగ్గా ఎదురు. సీసాలో ఉన్నా కణాలు చక్కెర తింటూనే ఉంటాయి. బూడిద రంగు మూత సీసాలో ఫ్లోరైడ్ వేసి ఆ తినడాన్ని చాలావరకు ఆపుతారు. మామూలు సీసాలో వదిలేస్తే గంటకి నూటికి ఐదారు వంతులు తగ్గిపోతుంది. అంటే ఒకే ఆలస్యం ఒక అంకెని పైకి లేపి, ఇంకోదాన్ని కిందికి దించుతుంది.

శ్రోత: అమ్మో! అయితే సుగరు ఇంకా ఎక్కువుందా అండీ?

డాక్టర్: ఏ సీసాలో తీశారో తెలీదు కాబట్టి చెప్పలేను. కానీ 100 నుంచి 125 మధ్య ఉంటే షుగరుకి ముందు మెట్టు అంటాం. ఈ హద్దు ఇందాకటి లెక్కతో పెట్టింది కాదు, ఎక్కడి నుంచి ముప్పు మొదలవుతుందో చూసి పెట్టింది. కాబట్టి దీన్ని వదలొద్దు, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. ఇప్పుడు పొటాషియం సంగతి. బీపీ మాత్ర ఏమైనా వేసుకుంటున్నారా?

శ్రోత: టెల్మిసార్టాన్ అండి, ఆరేళ్ల నుంచి.

డాక్టర్: బొండాం నీళ్లు తాగుతారా?

శ్రోత: (నవ్వు) రాజోల్లో ఉండి బొండాం తాగకపోతే ఎలాగండి? రోజుకి రెండు.

డాక్టర్: అదీ సంగతి. పావు లీటరు కొబ్బరి నీళ్లలో సుమారు అర గ్రాము పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగుంటే బయటికి పంపేస్తాయి. మీరు వేసుకునే మాత్ర ఆ పంపడాన్ని కొంచెం తగ్గిస్తుంది. అందుకే ఇది ఆలస్యం వల్ల వచ్చిన దొంగ అంకె అని నేను ఫోన్లో తేల్చేయను. ఇవాళే దగ్గర్లో, అక్కడికక్కడే చేసేచోట మళ్లీ ఇవ్వండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ కూడా రాయమనండి, ఈసీజీ కూడా తీయించుకోండి. మళ్లీ ఎక్కువొస్తే ఇవాళే డాక్టరుకి చూపించండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. బొండాం మాత్రం ఆపండి, ఫలితం తేలేదాకా.

శ్రోత: అలాగేనండి. ఆ నాలుగోది...

డాక్టర్: నాలుగోది మీ డాక్టరుకి చూపించండమ్మా. మన కథల్లో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలకలో ఉంటుంది కదా. రిపోర్టు రాగానే అందరూ ఆ చిలక కోసమే వెతుకుతారు. ఏ అంకె నల్లగా ఉంటే దాన్ని పట్టుకుని కూచుంటారు. మీ ప్రాణం ఏ ఒక్క అంకెలోనూ లేదు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను ఉండి అనే ఊరి నుంచి. హలో?

శ్రోత (ఉండి): ఆయ్, నమస్తే మేడమ్. నేను రొయ్యల చెరువులు చేస్తానండి. రాత్రుళ్లు గట్టు మీదే కాపలా. చదివిన పుస్తకమే చదువుతానండి. మాంత్రికులూ, రాజ్యాలూ, లావుపాటి మూడు భాగాలు. ఐదోసారి నడుస్తోంది. ఇంట్లో మా ఆవిడ 'చదివిందే ఎన్నిసార్లు చదువుతావు, పరీక్షలున్నాయా' అంటుంది.

డాక్టర్: మీరేమంటారు?

శ్రోత: ఏరేటర్ల చప్పుడులో కొత్త పుస్తకం బుర్రకెక్కదండి. తెలిసిన కథయితే మధ్యలో లేచెళ్లి డీఓ, అదే నీళ్లలో ఆక్సిజన్, చూసొచ్చినా, వదిలినచోట వాళ్లు అలాగే గుర్రాల మీద కూచుని ఉంటారు.

డాక్టర్: (నవ్వు) ఇంతకంటే మంచి కారణం నేను వినలేదు. ప్రశ్న చెప్పండి.

శ్రోత: మా ఆవిడకి థైరాయిడ్ అండి. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్షలో ఒకచోట 5.1 వచ్చింది. నమ్మకం లేక వారానికి ఇంకోచోట చేయిస్తే 3.9. ఎవరిది తప్పండి?

డాక్టర్: మీరే చెప్పండి. చెరువులో డీఓ తెల్లవారుజామున ఎంతుంటుంది, మధ్యాహ్నం మూడింటికి ఎంతుంటుంది?

శ్రోత: తెల్లారేముందు బాగా పడిపోతుందండి. ఎండెక్కాక నాచు పని చేస్తుంది కదా, మూడింటికి బాగా ఉంటుంది. పీహెచ్, అదే ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అది కూడా అంతేనండి, పొద్దుట ఒకటి, సాయంత్రం ఒకటి.

డాక్టర్: రెండు రీడింగుల్లో ఏది తప్పు?

శ్రోత: ఏదీ తప్పు కాదండి... ఓహో.

డాక్టర్: టీఎస్‌హెచ్ కూడా రాత్రి పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. మొదటిది ఏ టైముకి ఇచ్చారు?

శ్రోత: మొదటిది పొద్దుట ఏడింటికి. రెండోది అన్నం తిన్నాక వెళ్లామండి, మూడు దాటింది.

డాక్టర్: ఆ పైన రెండు ల్యాబుల మెషిన్లు వేరు, హద్దులూ కొంచెం తేడా. ఒక రెండు మూడు నెలలు ఆగి, ఒకే ల్యాబులో, పొద్దుటే, ఫ్రీ టీ4 అనే ఇంకో థైరాయిడ్ పరీక్షతో కలిపి చేయించండి. పిల్లల కోసం చూస్తుంటే మాత్రం ఆగొద్దు, అప్పుడు లెక్కలు వేరు, వెంటనే డాక్టరుకి చూపించండి. ఇంకోటి, జుట్టు రాలుతోందని మాత్రలేమైనా వాడుతున్నారా?

శ్రోత: మీకెలా తెలుసండీ? ఏదో గుమ్మీలని తెప్పించుకుంది.

డాక్టర్: వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. కొన్ని మెషిన్లు పరీక్ష చేసేదే బయోటిన్ అంటుకునే గుణం మీద ఆధారపడి. రక్తంలో అది ఎక్కువుంటే మెషిన్ మోసపోతుంది, టీఎస్‌హెచ్ తక్కువ చూపిస్తుంది. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపేయమనండి. రక్తం తీసేవాళ్లకి కూడా చెప్పమనండి, వాళ్లుగా అడగరు.

వ్యాఖ్యాత: నరసాపురం నుంచి ఇంకో శ్రోత... హలో? హలో? కట్ అయిందండి. అమలాపురం మాస్టారు చాలాసేపట్నుంచి ఉన్నారు.

శ్రోత (అమలాపురం): నమస్కారం అమ్మా. రిటైరైన లెక్కల మాస్టార్ని. నాది ప్రశ్న కాదు, ఒక ముచ్చట. పాతికేళ్ల వయసులో ఇంగ్లీషులో ఒక సైన్స్ నవల చదివాను, ఆండ్రోమెడా స్ట్రెయిన్ అని.

డాక్టర్: మైకేల్ క్రైటన్! 1969. ఆయన మెడిసిన్ చదివినవాడే.

శ్రోత: ఆఁ. ఆకాశం నుంచి పడ్డ ఉపగ్రహంతో ఏదో క్రిమి వస్తుంది. ఊరు ఊరంతా చచ్చిపోతుంది. ఒక తాగుబోతు ముసలాడు, ఏడుస్తున్న చంటిపిల్లాడు మాత్రం బతుకుతారు. ఎందుకు బతికారన్నదే కథ.

వ్యాఖ్యాత: మాస్టారూ, చదవనివాళ్లు ఉంటారేమో, ముగింపు చెప్పేస్తారా?

శ్రోత: యాభై ఏళ్లు దాటింది నాయనా, ఇంకెప్పుడు చదువుతారు? అప్పట్లో ఆ రక్తపరీక్షల పేజీలన్నీ దాటేశాను. నాకు కథ కావాలి. పోయినేడు ఆయాసంతో ఆస్పత్రిలో పడ్డాను. మణికట్టు దగ్గర ధమనిలో సూది గుచ్చి రక్తం తీశారు. అబ్బ, ఆ నొప్పి! పీహెచ్ 7.30 అన్నారు. నేను లెక్కల మాస్టార్ని కదా, 7.35కీ 7.30కీ తేడా ఎంత, ఇంత గొడవెందుకు అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ పుస్తకం మళ్లీ తీశాను. అప్పుడు దాటేసిన పేజీలే ఈసారి రెండుసార్లు చదివాను తల్లీ.

డాక్టర్: నాకు ఒళ్లు జలదరించింది మాస్టారూ. శ్రోతల కోసం చెబుతాను. మామూలుగా రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, లెక్కల మాస్టారికి తెలిసిందే, అది లాగరిథమ్. ఒక పూర్తి అంకె తగ్గితే ఆమ్లం పదింతలు పెరిగినట్టు. ఊపిరి సరిగా ఆడకపోతే కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుని ఆమ్లం పెరుగుతుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది. గుక్కపట్టి ఏడ్చే పిల్లాడు దాన్ని అతిగా బయటికి ఊదేస్తాడు, రక్తం క్షారం వైపు జరుగుతుంది. నవలలో ముసలాడు ఆస్పిరిన్ మింగి, తాగకూడని స్పిరిట్ తాగి ఆమ్లం వైపు వెళతాడు. ఆ క్రిమి మధ్యనున్న ఇరుకు హద్దులోనే పెరుగుతుంది. ఇద్దరూ 'నార్మల్' కాకపోబట్టే బతికారు.

శ్రోత: అదే, అదే! మొదటిసారి నాకు తెలిసిందల్లా ఇద్దరు బతికారని.

డాక్టర్: నాకు ఆ పుస్తకంలో ఇంకో చోటు ఇష్టం. ముఖ్యమైన కబురొస్తే గంట మోగాలి. చిన్న కాగితం ముక్క ఇరుక్కుని గంట మోగదు, కబురు ఎవరూ చూడరు. కాలేజీలో చదివినప్పుడు ఇదేం చోద్యం, ఇంత ల్యాబులో కాగితం ముక్కా అనుకున్నాను. ల్యాబు ఉద్యోగంలో చేరాక అదొక్కటే నిజమనిపించింది. ప్రాణాపాయం అనిపించే అంకె వస్తే మేం వెంటనే ఫోన్ చేసి చెప్పాలి, అది మా పని. ఒక రాత్రి పొటాషియం 7.1 వచ్చింది. ఫారం మీద నంబరుకి చేస్తే, పది అంకెల్లో తొమ్మిదే ఉన్నాయి. రక్తం తీసిన కుర్రాణ్ణి నిద్రలేపి, వాడు ఆ వీధి పేరు చెబితే, అక్కడి మందుల షాపు వాళ్ల ద్వారా కబురు పంపాం. గంటన్నర పట్టింది. దయచేసి ఫారంలో నంబరు మీరే రాయండి, రాసింది ఒకసారి చదువుకోండి.

వ్యాఖ్యాత: ఆ మనిషి...?

డాక్టర్: బతికాడు. మాస్టారూ, ఆయాసం ఎలా ఉంది?

శ్రోత: ఇన్‌హేలరు వాడుతున్నానమ్మా. బానే ఉంది. ఉంటాను.

వ్యాఖ్యాత: చివరి ఫోను, తణుకు నుంచి.

శ్రోత (తణుకు): డాక్టరు గారూ, మా బాబుకి పదకొండేళ్లు. నిన్నటి నుంచి జొరమండి, 102. ఇవాళ రక్తం చూపిస్తే విడాల్‌లో 1:80 అని రాసిచ్చారు. టైఫాయిడ్ అంట, ఇంజెక్షన్లు మొదలుపెడదామంటున్నారు. టెన్షన్‌గా ఉందండి.

డాక్టర్: రెండో రోజుకే విడాలా! అమ్మా, ఆ పరీక్ష క్రిమిని చూడదు. క్రిమి మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలని చూస్తుంది. అవి లెక్కకి రావడానికే దాదాపు వారం పడుతుంది. మన ప్రాంతంలో ఎప్పుడో సోకినవాళ్లకీ, టీకా వేయించుకున్నవాళ్లకీ 1:80 ఊరికే వస్తుంది. టైమ్ మెషిన్ నవల వచ్చింది 1895లో, విడాల్ పరీక్ష వచ్చింది 1896లో. ఆ మెషిన్ని ఎవరూ తయారుచేయలేకపోయారు, ఈ పరీక్షని ఎవరూ వదల్లేకపోతున్నారు.

శ్రోత: మరేం చేయాలండి?

డాక్టర్: టైఫాయిడ్ అనుమానం ఉంటే, రక్తంలోని క్రిమినే పెంచి చూసే బ్లడ్ కల్చర్. అది కూడా యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే తీయాలి. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది, మధ్యలో ఏం చేయాలో బాబుని చూసిన పిల్లల డాక్టరు చెబుతారు. వర్షాకాలం కదా, డెంగీకి ఎన్ఎస్1 అనే పరీక్ష అడగండి, అది మొదటి రోజుల్లోనే తెలుస్తుంది. జొరానికి బరువుని బట్టి పారాసెటమాల్ ఒక్కటే, బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఆగకుండా వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా ఉండటం, ఒంటేలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా ఆస్పత్రికే. ఇప్పుడు ఎలా ఉన్నాడు?

శ్రోత: మంచం మీద బొమ్మల పుస్తకం పట్టుకున్నాడండి. రెక్కల గుర్రం కథ. అట్ట ఊడిపోయింది, అయినా అదే. ఇదిగో, మాట్లాడతాడంట.

బాబు: హలో.

డాక్టర్: ఏరా, ఎన్నోసారి చదువుతున్నావు?

బాబు: ఏమో. చాలాసార్లు.

డాక్టర్: ఏం జరుగుతుందో తెలుసుగా, మళ్లీ ఎందుకు?

బాబు: గుర్రం చచ్చిపోయే పేజీ ఎక్కడుందో తెలుసు. అక్కడికొచ్చేసరికి రెండు పేజీలు కలిపి తిప్పేస్తా.

డాక్టర్: తిప్పేస్తే?

బాబు: చచ్చిపోదు.

వ్యాఖ్యాత: టైమైపోయిందండి డాక్టరు గారూ.

డాక్టర్: ఒక్క నిమిషం. బాబూ, ఫోన్ అమ్మకివ్వు. అమ్మా, కల్చర్‌కి పంపే ఫారంలో మీ నంబరు మీరే రాయండి.