మంత్రసాని చదువుకు యూనివర్సిటీ ఎందుకు?

శ్రోతలందరికీ నమస్కారం.

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ప్రసూతి విభాగంలో సీటు వచ్చిందని ఇంట్లో చెప్పిన రోజు మా అత్తమ్మ ఒక మాట అడిగింది. "మంత్రసాని చదువుకు యూనివర్సిటీ ఎందుకు బిడ్డా?" వెక్కిరింపుగా అన్న మాట కాదది. పరకాల దగ్గరి పల్లెలో ఆమె ముగ్గురు పిల్లల్నీ ఇంట్లోనే కన్నది. ఊరి మంత్రసానే పురుడు పోసింది, బొడ్డు కోసింది, పసిపిల్లలకు కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అప్పటికి మా పాపకు నాలుగేళ్లు, బాబుకు ఏడాదిన్నర. వాడింకా పాలు మానలేదు.

ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. రెండేళ్ల చదువులో కొంచెం కొంచెంగా దొరికిన జవాబు మీకు చెబుతాను.

ముందు ఈ చదువు సంగతి. మన దగ్గర జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. రెండింటిలోనూ మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేసే విద్య, ఒక భాగం. ఎమ్మెస్సీలో దాన్నే రెండేళ్లు లోతుగా చదవాలి. పరీక్షలు మన వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పెడుతుంది. ఇది కాక నర్సులకు 18 నెలల ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. 2017లోనే మన తెలంగాణ రాష్ట్రం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌లతో కలిసి దాన్ని మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది ఆ మరుసటి ఏడాది.

ఇక లేబర్ రూం. అక్కడ ముందుగా నేర్పేది లెక్క. నొప్పులు పది నిమిషాల్లో ఎన్నిసార్లు వచ్చాయి, ఒక్కో నొప్పి ఎన్ని సెకన్లు ఉంది, బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది. ఆ గుండె చప్పుడు 110కీ 160కీ మధ్య ఉండాలి. నొప్పులు ముదిరాక అరగంటకోసారి వినాలి, తల్లి ముక్కే సమయానికి అయిదు నిమిషాలకోసారి. ఇవన్నీ పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎట్లా సాగుతోందో చూపే కాగితం మీద చుక్కలుగా పెడతాం. గీత పక్కకు పోతోందంటే డాక్టర్‌ను పిలవాలి. బిడ్డ పుట్టిన నిమిషంలోపే తల్లికి రక్తం ఎక్కువ పోకుండా ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, మాయ పూర్తిగా వచ్చిందో లేదో చూడాలి, రక్తం ఎంత పోయిందో కొలవాలి. అర లీటరు దాటితే ప్రమాదం కిందే లెక్క. మంత్రసాని చేతికి నేర్పు ఉండేది, ధైర్యం ఉండేది. కానీ రక్తం ఆగకపోతే ఆమె దగ్గర మందు లేదు. ఎన్ని ఇళ్లలో తల్లులు అట్లా పోయారో మా అత్తమ్మకే నాకంటే బాగా తెలుసు.

ఈ లెక్కలన్నీ ఇంట్లో పిల్లల మధ్యే చదివాను. కాన్పు సమయంలో బిడ్డ తల ఎట్లా వంగుతుంది, ఎట్లా తిరుగుతుంది, భుజాలు ఎట్లా బయటికొస్తాయి అన్నది బొమ్మతో చేసి చూపించే పరీక్ష ఉంటుంది. మా పాప బొమ్మనే తీసుకుని, రెండు చేతులూ వలయంగా పెట్టమని పాపకే చెప్పి ప్రాక్టీస్ చేసేదాన్ని. కొన్నాళ్లకు నేను తప్పు చేస్తే అదే సరిదిద్దింది. "అమ్మా, ముందు గదమ వంచాలె" అని.

కష్టం పుస్తకాలతో రాలేదు, గడియారంతో వచ్చింది. కాన్పులు రాత్రనీ పగలనీ చూడవు, అందుకే నైట్ పోస్టింగ్ తప్పదు. మా చార్టు శనివారం సాయంత్రం గోడకు అంటించేవారు, సోమవారం నుంచి డ్యూటీ. ఒక్క ఆదివారంలో పిల్లల ఏర్పాటు ఎట్లా చేసుకోవాలి? మొదటి నైట్ డ్యూటీలో ఫోన్ లాకర్‌లో పెట్టి లోపలికి పోయాను. తెల్లారి చూస్తే ఇంటి నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. బాబుకు జ్వరం, మందు ఎంత పోయాలో ఎవరికీ తెలియదు. పరకాల బస్సులో కూర్చుని ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత మా ఆయన, నేను కూర్చుని డాక్టర్ రాసిన మోతాదు, వార్డు ల్యాండ్‌లైన్ నంబర్, పక్కింటి ఆటో అన్న నంబర్ ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించాం. చిన్న కాగితమే, కానీ నా టెన్షన్ సగం దానితోనే తగ్గింది.

ఇంకొక మాట, తల్లులకు వెంటనే అర్థమవుతుంది. లేబర్ రూంలో ఎవరి బిడ్డో కేర్‌మంటే నాకు పాలు చేపేవి. ఏప్రాన్ తడిసిపోయేది. పాలు పిండుకోవడానికి బాత్రూం తప్ప చోటు లేదు. పుట్టిన గంటలోపు బిడ్డకు పాలు పట్టించాలని రోజంతా తల్లులకు చెప్పేవాళ్లం, మాకు మాత్రం ఒక కుర్చీ వేసుకునే మూల లేదు. 50 మంది ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. అది ఉద్యోగినుల కోసం రాసిన చట్టం. అదే వార్డులో పనిచేసే విద్యార్థిని గురించి ఎవరూ ఆలోచించలేదు. కాలేజీలు నడిపేవారు వింటుంటే అడుగుతున్నాను. పోస్టింగ్ చార్టు నెల ముందే ఇవ్వండి. తలుపు గడియ పడే ఒక గది, అందులో ఒక ఫ్రిజ్ పెట్టండి. ఈ రెంటికీ పెద్ద ఖర్చు కాదు.

పిల్లల తల్లులను ఈ చదువుకు ఎందుకు రానివ్వాలంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే. ఆ సర్వేలో దేశంలో ఇంకెక్కడా అంత లేదు. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ముహూర్తం కోసం, నొప్పుల భయంతో కడుపు కోయించుకుంటున్నవాళ్లూ ఉన్నారు. తొలి కాన్పుకు వచ్చిన అమ్మాయి పన్నెండు గంటలు నొప్పులు పడుతుంటే పక్కన కూర్చునే మనిషి కావాలి. నడుము రుద్దాలి, అటూ ఇటూ నడిపించాలి, గుక్కెడు నీళ్లు తాగించాలి, గుండె చప్పుడు విని "బిడ్డ మంచిగున్నది, నువ్వు భయపడకు" అని చెప్పాలి. నాలుగో గంటకే "ఇక నా వల్ల కాదు, కోసెయ్యండి" అని ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నా తొలి కాన్పులో నేనూ అదే మాట అన్నానని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. మళ్లీ లేచి నడిచింది. తెల్లవారుజామున నార్మల్‌గానే కాన్పయింది.

నేను ఆమె పక్కన కూర్చున్న ఆ రాత్రంతా నా పిల్లల పక్కన మా అత్తమ్మ ఉంది. నా డిగ్రీ సర్టిఫికెట్ మీద ఆమె పేరు ఉండదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మొదట్లో నేను నైట్ డ్యూటీ నుంచి రాగానే "ఏం పుట్టింది, ఆడపిల్లనా మొగపిలగాడా?" అని అడిగేది. చివరి ఏడాదికి వచ్చేసరికి ఆ ప్రశ్న మారిపోయింది. బాబును చంకలో వేసుకుని గడప దగ్గరే నిలబడి, "రక్తం ఎక్కువ పోలేదు కదా బిడ్డా, తల్లి మంచిగున్నదా?" అని అడిగేది.