నెల అనే మాట: చంద్రుడి నుండి మాసం దాకా

పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం. హనుమకొండలో ఈ సాయంత్రం నేను మాట్లాడదలచింది 'నెల' అనే రెండక్షరాల మాట గురించి. ఇవాళ ఆ మాట వినగానే మనకు జీతమో, ఇంటి కిరాయో, చిట్టీ వాయిదానో గుర్తుకు వస్తుంది. కాని దాని మొదటి అర్థం చంద్రుడు. చంద్రుడు, చందమామ, జాబిల్లి అనే మాటలు ఆ చోటును ఆక్రమించిన కొద్దీ 'నెల' ఒంటరిగా ఆ అర్థంలో వినబడటం తగ్గిపోయి, సమాసాలలో మాత్రం చెక్కుచెదరక నిలిచింది. వంకరగా కనిపించే నెల నెలవంక, నెలను తలపై ధరించిన శివుడు నెలతాల్పు; రంజాన్ ఉపవాసాల చివర మన వీధుల్లో అందరూ ఎదురుచూసేది నెలపొడుపు కోసమే. వెన్నెల సంగతి మరీ ముచ్చటైనది. 'వెలి' అంటే తెలుపు, గోడలకు వేసే వెల్లలో ఉన్నదీ ఆ ధాతువే. నెలతో అది కలిస్తే తెల్లని చంద్రుడు అని రావాలి, కాని వాడుక ఆ మాటను చంద్రుని కాంతికి ఇచ్చేసింది.

తమిళంలో నిలా, మలయాళంలో నిలావు ఇదే మాటకు తోబుట్టువులు. అంతకన్నా దగ్గరి సాక్ష్యం మన ఆదిలాబాద్‌లోనే ఉంది: గోండిలో చంద్రుణ్ణి 'నెలెంజ్' అంటారు. పోలికల కోసం ఎప్పుడూ దక్షిణానికే చూసే మన అలవాటు మన ఆదిలాబాద్‌ను మరిపిస్తున్నదని నా అభిప్రాయం.

ఒక అమావాస్య నుండి మరో అమావాస్యకు సుమారు 29.53 రోజులు పడుతుంది గనుక, రోజుల లెక్కకు ఆధారమైన చంద్రుడి పేరే ఆ లెక్కకూ, అంటే మాసానికీ, అంటుకున్నది. కన్నడ 'తింగళు' కూడా చంద్రుడే, మాసమే. సంస్కృత 'మాసం' సైతం చంద్రుణ్ణి చెప్పే 'మాస్' నుండి వచ్చిందే. ఒకటో తారీఖున జీతమిచ్చే నెలకు ఆకాశంతో పనిలేకపోయినా మన పండుగలకు ఆ పని తప్పలేదు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ, పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబా జాతర, రెండేండ్లకోసారి మాఘ పున్నమి వేళ మేడారం జాతర మొదలవుతాయి. పెత్రమాసను విప్పితే పితృ అమావాస్య. అమావాస్య అంటే సూర్యచంద్రులు 'అమా', అనగా కలిసి, వసించే తిథి.

విద్యార్థులు 'నేల'ను, 'నెలవు'ను ఈ మాటతో ముడిపెట్టరాదు. నెలవు 'నిలుచు' కుటుంబానికి చెందినది. నేలకు చుట్టం తమిళ 'నిలం'.