గొంతు ఆగిన చోట చెవి ఒగ్గండి: జెస్సీ నార్మన్ పాడిన స్ట్రాస్ చివరి నాలుగు పాటలు

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో మనం ఒకే ఒక్క రికార్డింగును తీసుకుని, దానిని ఎలా వినాలో కలిసి చూద్దాం. తెర మీద మీకు కనిపిస్తున్నది 1982 ఆగస్టులో జర్మన్ నగరం లైప్‌జిగ్‌లో రికార్డు చేసిన ఆల్బమ్. పాడినవారు అమెరికన్ సొప్రానో, అంటే అన్నిటికన్నా పై స్థాయి స్త్రీ గొంతు ఉన్న గాయని, జెస్సీ నార్మన్, వాయించినది గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రా, నడిపించినవారు కర్ట్ మజూర్. పాటలు జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్‌వి. ఎనభై దాటిన వయసులో, 1948లో ఆయన వీటిని రాశారు. 1949 సెప్టెంబరులో కన్నుమూశారు కనుక ఇవి వేదికనెక్కడం ఆయన చూడలేదు. 1950 మే 22న లండన్‌లో కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ వీటిని తొలిసారి పాడారు. 'చివరి నాలుగు పాటలు' అన్న పేరు కూడా స్ట్రాస్ పెట్టినది కాదు, తర్వాత ప్రచురణకర్త పెట్టినది.

ముందుగా ప్లేయర్ సంగతి చూద్దాం. సెట్టింగుల్లోకి వెళ్లండి, శబ్దం తీరును మార్చే ఈక్వలైజర్ తీసేయండి, పాటలన్నిటి శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే ఈ గుర్తును కూడా తీసేయండి. ఇదిగో, తీసేశాను, అంతే. శబ్దం ఎంత ఉండాలన్నది మాత్రం నాలుగో పాట మొదటి అరనిమిషం పెట్టుకుని తేల్చుకోండి, ఎందుకంటే అక్కడ ఆర్కెస్ట్రా నిండుగా మోగుతుంది. అది చెవికి హాయిగా ఉన్న చోట ఆపి, ఆ తర్వాత దానిని ముట్టుకోకండి. కుడి పక్కన కవిత, దాని అర్థం తెరిచి పెట్టుకోండి. నేను వీఎల్‌సీ అనే ప్లేయర్ వాడతాను; షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే అది మూడు సెకన్లు వెనక్కి వెళుతుంది. మౌస్‌తో ఆ సన్నని గీత మీద సరైన చోటు వెతుక్కోవడం కన్నా ఇది ఎంతో సుఖం, ఈ వీడియో అంతా నేను ఆ మీటల మీదనే ఆధారపడతాను.

మొదటి పాట 'ఫ్ర్యూలింగ్', అంటే వసంతం. కవిత హెర్మన్ హెస్సెది. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. ఈ పాటకు తేలికగా పైకి ఎగిరే గొంతు అందం అని నా అభిప్రాయం. నార్మన్ గొంతు పేరుకు సొప్రానోయే అయినా, దాని అడుగున మెజ్జో, అంటే సొప్రానో కన్నా ఒక మెట్టు కింది, గొంతులకు ఉండే చిక్కదనం ఉంటుంది. ఆ బరువుతో ఆమె పై స్థాయికి వెళ్లే తీరు గంభీరంగానే ఉంటుంది గాని, అది వసంతంలా ఉండదు. వినండి, ముందుకు సాగుదాం.

రెండవది 'సెప్టెంబర్', ఇదీ హెస్సె కవితే. వేసవి తన అలసిన కళ్లను మెల్లగా మూసుకుంటుందన్న మాటతో గొంతు ఆగిపోతుంది. ఇక్కడ ఆపకండి, పాట ఇంకా ఉంది. ఇదిగో, ఈ ధ్వని వినండి, ఇది హార్న్, ఊది వాయించే ఇత్తడి వాద్యం. గొంతు వదిలిన చోట హార్న్ ఆ భావాన్ని అందుకుని చివరికి చేరుస్తుంది. స్ట్రాస్ తండ్రి ఫ్రాంజ్ మ్యూనిక్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో పేరున్న హార్న్ వాద్యకారుడు, అందువల్ల ఆ వాద్యం ఆయనకు ఇంట్లో పుట్టి పెరిగిన శబ్దం. మరొకసారి వెనక్కి వెళుతున్నాను, హార్న్ మొదలయ్యే చోటు మాత్రమే వినండి.

ఇప్పుడు మూడవ పాట, 'బైమ్ ష్లాఫెన్‌గేయన్', అంటే నిద్రకు వెళ్లేటప్పుడు. ఈ పాట దగ్గర మనం చాలాసేపు ఉంటాం, ఎందుకంటే నేను చాలా కాలం తప్పుగా విన్న పాట ఇదే. నేను చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీత కచేరీలు వింటూ పెరిగినవాడిని. కచేరీలో గాయకుడు రాగం ఆలపిస్తాడు, వయొలిన్ ఆయన వెన్నంటి వస్తుంది, ఆయన ఆగితే అదే దారిలో తన వంతు వాయిస్తుంది. ఆ అలవాటుతో ఈ పాట విన్నాను. రెండవ చరణం ముగిసింది, నార్మన్ గొంతు ఆగింది, వయొలిన్ ఒంటరిగా మొదలైంది. గాయని వంతు అయిపోయింది, ఇది వయొలిన్ వంతు అనుకుని, ముందుకు జరిపి గొంతు మళ్లీ వచ్చే చోటుకు దూకేవాడిని. అలా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. గొంతు మళ్లీ వచ్చినప్పుడు ఆ రాగం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు, ఏదో బాగుంది అనుకుని ఊరుకునేవాడిని.

అసలు సంగతి ఏమిటంటే, ఇక్కడ వరుస తలకిందులైంది. ముందు వెళ్లేది వయొలిన్, వెన్నంటి వచ్చేది గొంతు. కవితను చూడండి. మొదటి చరణంలో కవి, పగలు తనను అలసించిందని, అలసిన బిడ్డను చేరదీసినట్టు నక్షత్రాల రాత్రి తనను చేరదీయాలని అంటాడు. రెండవ చరణంలో చేతులు పనులను వదలాలని, నుదురు ఆలోచనలను మరవాలని, ఇంద్రియాలన్నీ నిద్రలో మునగాలని అంటాడు. అప్పుడు మాట ఆగుతుంది. నిద్ర పట్టిందన్నమాట. మాటలు లేని ఆ చోట వయొలిన్ పైకి లేస్తుంది. ఆ తర్వాత మూడవ చరణంలో, కాపలా లేని ఆత్మ స్వేచ్ఛగా ఎగరాలనుకుంటోందని చెప్పడానికి గొంతు తిరిగి వచ్చేసరికి, వయొలిన్ పరిచిన దారి దాని ఎదుట సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు చేయవలసిన పని ఇది. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ తెరవండి, కింద 'ఎ, బి' అని ఒక మీట వస్తుంది. వయొలిన్ మొదలైన చోట ఒకసారి, గొంతు వచ్చి మొదటి పంక్తి ముగిసిన చోట మరొకసారి నొక్కండి. ఇప్పుడు ఆ ముక్క మాత్రమే తిరిగి తిరిగి మోగుతుంది. మొదటిసారి వయొలిన్‌ను మాత్రమే వినండి, వీలైతే కూనిరాగం తీయండి. రెండవసారి గొంతు వచ్చే క్షణాన్ని పట్టుకోండి. మూడవసారి మళ్లీ అదే క్షణం. నార్మన్ అక్కడ కొత్తగా ప్రవేశించినట్టు ఉండదు, అప్పటిదాకా ఆ వయొలిన్‌లోనే ఉండి ఇప్పుడు మాట కలిపినట్టు ఉంటుంది. హల్లును మెత్తగా పలికి, స్వరాన్ని వెనుక నుంచి నింపుతారు. ఆ గొంతుకు ఉన్న బరువు మొదటి పాటలో నాకు అడ్డుగా తోచింది గాని, ఇక్కడ దానివల్లనే ఆ రెక్కల విప్పుకు నిండుదనం వచ్చింది. ఇంకొక్కసారి వినిపిస్తాను. ఆ, అదే చోటు.

ఆ ముక్కను తిప్పి తిప్పి మోగించే లూప్ తీసేయడం మరచిపోకండి, లేకపోతే నాలుగో పాట రానే రాదు.

నాలుగవది 'ఇమ్ ఆబెండ్‌రోట్', అంటే సంధ్యారుణిమలో. కవిత యోసెఫ్ ఫోన్ ఐషెన్‌డోర్ఫ్‌ది. నాలుగింటిలో స్ట్రాస్ ముందుగా పూర్తి చేసినది ఇదే. కష్టసుఖాల్లో చేయి చేయి పట్టుకుని నడిచిన ఒక జంట, సాయంత్రం ఒక చోట ఆగి లోయల మీద చీకటి పడటం చూస్తూ ఉంటుంది. స్ట్రాస్ భార్య పౌలీనె కూడా సొప్రానోయే, 1894లో వారి పెళ్లయింది. ఈ పాటలు తొలిసారి వినిపించడానికి తొమ్మిది రోజుల ముందు ఆమె కూడా మరణించారు.

టైమర్ చూడండి, దాదాపు 10 నిమిషాలు. ఇదే పాటను చాలామంది ఏడెనిమిది నిమిషాల్లో ముగిస్తారు. మజూర్ పట్టిన నడక మరీ నెమ్మది అనేవారున్నారు, వారి మాటలోనూ న్యాయముంది. ఇంకొంచెం ఊపిరి తక్కువున్న గాయని అయితే ఈ నడకలో పంక్తులు మధ్యలో తెగిపోతాయి. నార్మన్ వాటిని తెగనివ్వరు.

చివరి పంక్తి దగ్గర ఆపుతున్నాను. ఇదేనా మరణం అని కవిత అడుగుతుంది. మూలంలో 'దాస్', అంటే 'అది', అని ఉన్నచోట స్ట్రాస్ 'డీస్', అంటే 'ఇది', అని మార్చారు. ఆ ఒక్క మాటతో మరణం పక్కకు వచ్చి నిలబడింది. నార్మన్ ఆ ప్రశ్నను పెద్దది చేయకుండా తగ్గించి పలుకుతారు. వెంటనే ఆర్కెస్ట్రాలో ఒక స్వరమాల వస్తుంది, వినండి. దాదాపు అరవై ఏళ్ల కిందట, యువకుడిగా ఉన్నప్పుడు 'మరణము, రూపాంతరము' అన్న వాద్యరచనలో స్ట్రాస్ రాసుకున్నదే అది.

ఇక్కడ కూడా గొంతు అయిపోయింది, పాట అయిపోలేదు. కవితలో రెండు భరత పక్షులు పైకి ఎగురుతూ ఉంటాయి కదా, ఆ రెండూ ఫ్లూట్ జాతి వాద్యాల ట్రిల్స్‌గా, అంటే పక్కపక్క స్వరాలు రెండూ వేగంగా మారి మారి మోగే కంపనాలుగా, చివర మళ్లీ వినిపిస్తాయి, చాలా సన్నగా, చాలా దూరంగా. శబ్దం పెంచకండి, మొదట పెట్టుకున్న స్థాయిలోనే అవి వినబడతాయి. ఇప్పుడు నేను మాట్లాడటం ఆపి, ఆ ప్రశ్న నుంచి చివరిదాకా ఆపకుండా వినిపిస్తున్నాను. ట్రిల్స్ పూర్తిగా ఆగేదాకా స్పేస్ బార్ మీద చేయి వేయకండి.