ఊడ్చే బండిలో అసలు చిక్కు డబ్బా దగ్గరే

[తెర మీద: పర్లాకిమిడిలో ఒక కల్యాణ మండపం. పొద్దున్న ఆరు గంటలు. నేలంతా అక్షింతలు, రంగు కాగితాలు, వాడిన మల్లెలు.]

నమస్కారం. రాత్రి ఇక్కడ ఒక పెళ్లయింది, సాయంత్రం ఇంకోటి ఉంది. ఈలోగా హాలంతా ఊడ్చాలి. మా ఊళ్లో పెళ్లి తెలుగువాళ్లదైనా ఒడియావాళ్లదైనా మిగిలే తుక్కు మాత్రం ఒకటే.

పోయినేడాది ఇక్కడికి నెట్టుకుంటూ ఊడ్చే బండి ఒకటి కొన్నారు. కరెంటు అక్కర్లేదు. వారం తిరక్కుండా అది మెట్ల కింద చేరింది. ఎందుకని ఇక్కడ ఊడ్చే అప్పని, అంటే అక్కని, అడిగాను.

"ఊడ్సడానికి బాగానే ఉంది బాబూ. ఆ డబ్బా తీసినప్పుడే నడుం ఇరిగిపోతంది."

ఆ బండిని మా వెల్డింగ్ షాపుకి తెచ్చి విప్పాను.

[తెర మీద: తలకిందులుగా పెట్టిన బండి. చక్రం, పళ్ల చక్రాలు, రోలర్ బ్రష్ దగ్గరగా.]

ఊహ పాతదే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, గ్రాండ్ రాపిడ్స్ ఊళ్లో పింగాణీ సామాన్ల కొట్టు నడిపే మెల్విల్ బిస్సెల్ 1876లో తివాచీలు ఊడ్చే బండికి పేటెంట్ తీసుకున్నాడు. సామాన్ల పెట్టెల్లోంచి రాలే రంపపు పొట్టు తివాచీలో ఇరుక్కుని రావట్లేదని మొదలైన పని అది. 1889లో ఆయన పోయాక కంపెనీని భార్య అన్నా నడిపింది.

మన బండి చూద్దాం. చక్రం వ్యాసం 20 సెంటీమీటర్లు, అంటే ఒక్క చుట్టుకి 63 సెంటీమీటర్లు ముందుకెళ్తుంది. అది ఒక్కసారి తిరిగితే బ్రష్ మూడుసార్లు తిరిగేలా పళ్ల చక్రాలు పెట్టారు. రెండు పళ్ల చక్రాలు ఆనుకుంటే ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి కదా, అందుకే బ్రష్ కుచ్చులు నేల దగ్గర ముందుకి కదులుతాయి, తుక్కుని ముందున్న డబ్బాలోకి విసురుతాయి. ఇక్కడ మామూలు బెల్టు వేస్తే రెండూ ఒకే వైపు తిరిగి తుక్కంతా వెనక్కి, మన కాళ్ల మీదకి వస్తుంది. నేను ఒకసారి వేసి చూశాను, చెప్పుల నిండా అక్షింతలే.

బ్రష్ వ్యాసం 10 సెంటీమీటర్లు. లెక్క కడితే, కుచ్చుల వేగం మన నడకకి ఒకటిన్నర రెట్లు. సెకనుకి మీటరు చొప్పున నడిస్తే గింజ మహా అయితే 11 సెంటీమీటర్లు లేస్తుంది. అలిసిపోయి సగం వేగంతో నడిస్తే? సగం ఎత్తు లేస్తుందనుకుంటాం. కాదు, పావు వంతే. మూడు సెంటీమీటర్లు కూడా లేవదు. ఈ బండిలో డబ్బా నోటి అంచు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ఉంది! అలిసినవాళ్లు నెడితే గింజ అంచుకి తగిలి మళ్లీ నేల మీదే పడుతుంది. అంచు కోసి రెండు సెంటీమీటర్లకి దించాను, కింద రబ్బరు పట్టీ బిగించాను. పట్టీ నేలకి మరీ నొక్కుకుంటే ఆకుల్ని తోసుకుపోతుంది, అలా తాకీ తాకనట్టుండాలి. పేపరు కప్పులు, కొబ్బరి చిప్పలు ముందే ఏరేసుకోవాల్సిందే, అవి డబ్బా కింద నుంచి దూరవు.

[తెర మీద: బ్రష్ ఇరుసుకి చుట్టుకున్న పూల దారం, కత్తెరతో కోస్తూ.]

ఇదిగో, దీన్ని ఏ కంపెనీవాడూ ఊహించి ఉండడు. మల్లెపూల దారం! ఇరుసుకి చుట్టుకుని బేరింగ్‌లోకి పోయింది. బ్రష్ పొడవునా కత్తెర మొన దూరేంత గాడి వదిలాను, ఇప్పుడు ఒక్క కోతతో వచ్చేస్తుంది.

ఇక డబ్బా. దాని మీద 40 లీటర్లని రాసి ఉంది. పూలూ కాగితాలూ అయితే ఎన్ని లీటర్లయినా చేత్తో ఎత్తేయొచ్చు. కానీ గేటు బయట ఇసక ఉంది. పొడి ఇసక లీటరు సుమారు 1.6 కిలోలు. ఇసకతో నింపితే 64 కిలోలు! నిజానికి ముందుకి విసిరే బండిలో తుక్కు నోటి దగ్గరే గుట్ట పడుతుంది, డబ్బా పూర్తిగా ఎప్పుడూ నిండదు. సగం నిండినా 32 కిలోలు. దాన్ని వంగి, వేళ్లతో అంచు పట్టుకుని, నేల మీద నుంచి లాగాలి. పూరీ రథయాత్రలో గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథం ఊడుస్తారు చూడండి, ఆ సేవలో చేట ఎత్తే పని లేదు. అప్పకి ఉంది.

కాబట్టి 15 లీటర్లతో కొత్త డబ్బా చేశాను. లోపల ఐదు లీటర్ల దగ్గర ఎర్ర గీత. ఇసక ఊడ్చిన రోజు గీత దాటకూడదు, అంటే ఎనిమిది కిలోలు. మూలలు గుండ్రంగా వంచాను, తడి పూలు అంటుకోకుండా. వంగి లాగే పని లేదు. బకెట్ లాగా పిడి పట్టుకుని పైకి తీయడమే.

అయితే మొదటిసారి తీసినప్పుడు తుక్కంతా నోట్లోంచి కారిపోయింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాం.

[తెర మీద: పిడి తగిలించిన రెండు పిన్నులు, పక్కన పాత రంధ్రాలు.]

పాత రంధ్రాలు సరిగ్గా డబ్బా మధ్యలో ఉన్నాయి. కొత్తవి రెండు వేళ్లు నోటి వైపు జరిపాను. ఇప్పుడు ఎత్తగానే అవతలి కొస కిందకి దిగుతుంది, నోరు పైకి లేస్తుంది. గింజ కూడా జారదు. స్ప్రింగులూ లాకులూ ఏమీ లేవు, రెండు రంధ్రాల చోటు మారింది, అంతే.

[తెర మీద: మండపం. అప్ప ఒంటి చేత్తో డబ్బా తీసి గోనె సంచి దగ్గరికి తెస్తుంది. ఆగుతుంది.]

"బాగుంది బాబూ. మరి గోనె మూతి ఎవుడు పట్టుకుంటాడు?"

అది నేను ఆలోచించలేదు. బండి హ్యాండిల్‌కి రెండు కొక్కేలు వెల్డింగ్ చేయాలి.