జూల్స్ బియాంకీ తప్పెంత? సుజుకా ప్రమాదంపై స్టూడియో చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: ఫార్ములా వన్ వార్తలు రాసే పాత్రికేయురాలు, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో పోటీపడిన మాజీ రేసర్, హైదరాబాద్‌కు చెందిన న్యూరోసర్జన్)

యాంకర్: నమస్కారం. 2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో ఫ్రెంచ్ డ్రైవర్ జూల్స్ బియాంకీ నడుపుతున్న ఫార్ములా వన్ కారు, ఆగిపోయిన కార్లను తొలగించే ఒక రికవరీ ట్రాక్టర్‌ను ఢీకొట్టింది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి, 2015 జూలై 17న సొంత ఊరు నీస్‌లో కన్నుమూశాడు. అప్పటికి వయసు 25. ఆ ప్రమాదంలో అతని తప్పెంత, వ్యవస్థ తప్పెంత అన్నది ఇవాళ్టి చర్చ. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

పాత్రికేయురాలు: ప్రమాదం గురించి తర్వాత మాట్లాడతానండి. బియాంకీ అనగానే అందరూ ట్రాక్టర్ అంటారు. అతను కారు ఎలా నడిపేవాడో ఒక్కరూ చెప్పరు. నా బాధ అదే. అతనిది రేసింగ్ కుటుంబం. తాత మౌరో బియాంకీ, ఆయన అన్న లూసియన్, ఇద్దరూ రేసర్లే. 1968లో లె మాన్స్ 24 గంటల రేసులో మౌరో కారుకు మంటలు అంటుకుని ఆయన తీవ్రంగా కాలిపోయారు. అదే రేసును లూసియన్, పెద్రో రోడ్రిగెజ్‌తో కలిసి ఫోర్డ్ జీటీ40లో గెలిచారు. మరుసటి ఏడాది మార్చిలో అదే ట్రాక్‌లో టెస్టింగ్ చేస్తూ లూసియన్ చనిపోయారు. ఇవన్నీ తెలిసిన ఇంట్లో జూల్స్ పెరిగాడు.

యాంకర్: అయినా ఆ పిల్లాడి చేతికి స్టీరింగ్ ఇచ్చారు.

పాత్రికేయురాలు: ఇచ్చారు. నాన్న ఫిలిప్ బ్రిన్యోల్ అనే ఊళ్లో కార్టింగ్ ట్రాక్ నడిపేవారు. ఇప్పుడు ఫెరారీకి నడుపుతున్న షార్ల్ లెక్లేర్ కూడా చిన్నప్పుడు అక్కడే కార్టింగ్ మొదలుపెట్టాడు. రెండు కుటుంబాలకూ స్నేహం. జూల్స్ అతనికి గాడ్‌ఫాదర్.

మాజీ రేసర్: పొగడ్తలు సరే మేడమ్, కెరీర్‌ను ఉన్నదున్నట్టు చూద్దాం. 2009లో ఫార్ములా త్రీ యూరో సిరీస్ గెలిచాడు. ఫెరారీ డ్రైవర్ అకాడమీలో మొట్టమొదటి సభ్యుడు అతనే. కానీ ఆ తర్వాత ఫార్ములా వన్‌కు కింది మెట్టైన జీపీ2లో రెండేళ్లూ మూడో స్థానమే. తొందరపాటు తప్పులు చేశాడు. 2012లో ఫార్ములా రెనో 3.5 టైటిల్ చివరి రేసులో చేజారింది, రాబిన్ ఫ్రైన్స్‌తో ఢీకొని. వేగం ఉంది, అందులో అనుమానం లేదు. నిలకడ నెమ్మదిగా వచ్చింది.

పాత్రికేయురాలు: 2010లో హంగేరీలో వెన్నుపూస దెబ్బతిన్నాక కూడా ఆ సీజన్‌ను మూడో స్థానంలో ముగించాడు. అదీ చెప్పండి సార్.

మాజీ రేసర్: ఒప్పుకుంటాను.

యాంకర్: మన దేశంతో కూడా అతనికి సంబంధం ఉంది కదా?

పాత్రికేయురాలు: ఉంది. 2012లో మన దేశపు జట్టు ఫోర్స్ ఇండియాకు రిజర్వ్ డ్రైవర్. కొన్ని శుక్రవారం ప్రాక్టీసుల్లో ఆ కారు నడిపాడు. 2013కి ఖాళీ అయిన సీటు కోసం ఇద్దరు పోటీపడ్డారు, బియాంకీ, ఆడ్రియన్ సూటిల్. ఫోర్స్ ఇండియా అనుభవం ఉన్న సూటిల్‌ను తీసుకుంది. సరిగ్గా అప్పుడే మరూసియా జట్టులో లూయిజ్ రాజియా స్పాన్సర్ డబ్బు రాక ఆగిపోవడంతో బియాంకీకి ఆ సీటు దొరికింది. అన్నిటికంటే వెనక పరిగెత్తే జట్లలో అదొకటి. సూటిల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

యాంకర్: అంత వెనకబడిన కారులో డ్రైవర్ ప్రతిభ ఎలా తెలుస్తుంది?

మాజీ రేసర్: జట్టులో రెండో డ్రైవర్‌తో పోల్చి చూస్తాం. మాక్స్ చిల్టన్ కంటే ఇతను స్పష్టంగా వేగం. 2013లో మలేషియాలో తెచ్చిన 13వ స్థానమే మరూసియాను కేటర్‌హామ్ జట్టు కంటే పైన నిలబెట్టింది. ఇక 2014 మొనాకో... ఆ రేసు గురించి నేను ఎంతసేపైనా మాట్లాడతాను. 21వ స్థానం నుంచి మొదలుపెట్టాడు. మొనాకోలో ఓవర్‌టేక్ చేయడం ఎంత కష్టమో చూసేవాళ్లకు తెలుసు. రాస్కాస్ మలుపులో ముందున్న డ్రైవర్ కొబయాషీ పక్కన చోటే లేదు. అక్కడ ముక్కు దూర్చి, కార్లు రాసుకుంటూ దాటేశాడు. గీత దాటినప్పుడు ఎనిమిదో స్థానం. గ్రిడ్‌లో సరైన గడిలో నిలబడనందుకు పడిన పెనాల్టీని, ముందు నడుస్తూ రేసు వేగాన్ని తగ్గించే సేఫ్టీ కారు తిరుగుతున్నప్పుడు తీర్చుకున్నాడు, అది చెల్లదన్నారు. మళ్లీ ఐదు సెకన్లు కలిపారు. తొమ్మిదో స్థానం, 2 పాయింట్లు.

పాత్రికేయురాలు: మరూసియా చరిత్రలో వచ్చిన పాయింట్లు ఆ రెండే. ఆ పాయింట్లతో జట్టు ఆ ఏడాది తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఆ స్థానానికి వచ్చే ప్రైజ్ మనీ మీద ఆశతోనే, దివాలా అంచున ఉన్న జట్టు 2015లో మానర్ పేరుతో మళ్లీ ట్రాక్ మీదకు రాగలిగింది. 2014 జూలైలోనే సిల్వర్‌స్టోన్ టెస్టులో ఫెరారీ డ్రైవర్ రైకోనెన్ బదులు ఫెరారీ ఎక్కి, ఆ రోజు అందరికంటే వేగంగా ల్యాప్ కొట్టాడు. రైకోనెన్ తర్వాత ఆ సీటు అతనికే అనుకున్నామని ఫెరారీ మాజీ అధ్యక్షుడు మోంటెజెమోలో తర్వాత చెప్పారు.

యాంకర్: సుజుకాకు వద్దాం. ఆ రోజు అసలేం జరిగింది?

మాజీ రేసర్: తుఫాను దగ్గరికొస్తోంది. రేసు సేఫ్టీ కారు వెనకే మొదలై, రెండు ల్యాపులకే ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు. చివర్లో వాన పెరిగింది, వెలుతురు తగ్గింది. 42వ ల్యాపులో డన్‌లప్ మలుపు దగ్గర సూటిల్ నడుపుతున్న సాబర్ జట్టు కారు జారి బయటికి పోయింది. దాన్ని ఎత్తడానికి ట్రాక్టర్ వచ్చింది. ట్రాక్ పక్కనుండే సిబ్బంది, అంటే మార్షల్స్, రెండు పసుపు జెండాలు ఊపుతున్నారు. తర్వాతి ల్యాపులో బియాంకీ కారు కూడా అదే చోట పట్టు తప్పి, నేరుగా ఆ ట్రాక్టర్ కిందికి వెళ్లింది.

యాంకర్: డాక్టరు గారూ, హెల్మెట్ ఉంది, అంత గట్టి కాక్‌పిట్ ఉంది. అయినా ఎందుకు ఆపలేకపోయాయి?

న్యూరోసర్జన్: ఫార్ములా వన్‌ను నియంత్రించే సంస్థ ఎఫ్ఐఏ విచారణ నివేదికలో ఉన్న అంకెలు చూడండి. 700 కిలోల కారు, 6500 కిలోల ట్రాక్టర్, గంటకు 126 కిలోమీటర్ల వేగం. హెల్మెట్ పుర్రె పగలకుండా చూస్తుంది. లోపల మెదడు ఒక్కసారిగా ఆగి, మెలితిరుగుతుంది. మెదడు కణాలను కలిపే సన్నని నరాల పోగులు అక్కడొకటి ఇక్కడొకటి కాదు, మెదడంతటా సాగి తెగుతాయి. దీన్నే డిఫ్యూజ్ యాక్సోనల్ ఇంజ్యురీ అంటారు. రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేసి తీయొచ్చు. ఇందులో తీయడానికి ఏమీ ఉండదు. ఇంట్లోవాళ్లు "ఎప్పుడు లేస్తాడు" అని అడుగుతుంటే జవాబు చెప్పలేకపోవడం మా వృత్తిలో చాలా కష్టమైన పని. నవంబరులో అతను సొంతంగా ఊపిరి తీసుకునే స్థితికి వచ్చాక నీస్‌కు తరలించారు. స్పృహ మాత్రం రాలేదు.

యాంకర్: హేలో, అంటే డ్రైవర్ తల చుట్టూ ఉండే రక్షణ చట్రం, అప్పుడు ఉండి ఉంటే బతికేవాడని చాలామంది అంటారు.

న్యూరోసర్జన్: తల వైపు వచ్చే చక్రాన్నో, కారునో అది ఆపుతుంది. 2020లో బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్‌ను కాపాడింది కూడా. కానీ ఇక్కడ ఒంట్లోకి వెళ్లిన తాకిడే భరించరానిది. కాక్‌పిట్‌ను మూసినా పెద్ద ప్రయోజనం లేదని నివేదికే చెప్పింది.

యాంకర్: అయితే తప్పు ఎవరిది?

మాజీ రేసర్: నేను రేసర్‌ని కాబట్టి కఠినంగానే చెబుతాను. రెండు పసుపు జెండాలంటే అర్థం ఒక్కటే: బాగా నెమ్మదించు, అవసరమైతే ఆగడానికి సిద్ధంగా ఉండు. జెండా వెనక మార్షల్ ఉంటాడు, అతనికి హెల్మెట్ కూడా సరిగా ఉండకపోవచ్చు. ఎఫ్ఐఏ వేసిన పది మంది నిపుణుల కమిటీ, అందులో మాజీ జట్టు అధిపతి రాస్ బ్రాన్ లాంటివాళ్లు, బియాంకీ తగినంత వేగం తగ్గించలేదని తేల్చింది. అది చేదుగా ఉన్నా నిజమే.

పాత్రికేయురాలు: నిజంలో సగం సార్. ఆ నివేదికలోనే ఇంకో విషయం ఉంది. కారు ట్రాక్ దాటాక ఆ రెండు సెకన్లలో అతను రెండు కాళ్లతో బ్రేక్, యాక్సిలరేటర్ ఒకేసారి తొక్కాడు. అలాంటప్పుడు ఇంజిన్‌ను ఆపేసే రక్షణ ఏర్పాటు ఒకటి ఉంది. మరూసియా వెనక బ్రేకుల ఎలక్ట్రానిక్ వ్యవస్థతో అది పొసగక పనిచేయలేదు. ఇంకా పెద్ద విషయం, అసలు కార్లు పరిగెడుతుండగా ట్రాక్టర్‌ను ఎందుకు పంపారు? ఇదే సుజుకాలో, 1994లో, వానలోనే మార్టిన్ బ్రండల్ ట్రాక్టర్‌ను తృటిలో తప్పించుకుని ఒక మార్షల్‌ను ఢీకొట్టాడు. మార్షల్ కాలు విరిగింది. ఇరవై ఏళ్ల ముందే హెచ్చరిక వచ్చింది! చనిపోయిన కుర్రాడి మీద తప్పు మోపడం తేలిక, ఎందుకంటే అతను తిరిగి మాట్లాడలేడు.

మాజీ రేసర్: కమిటీ ఎవరినీ కాపాడటానికి రాసిందని నేననుకోను...

పాత్రికేయురాలు: నేనూ అనలేదు. ఒక్క ప్రశ్న అడుగుతాను, మీ అనుభవం నుంచి చెప్పండి. పసుపు జెండా చూసి మీరు ఎంత తగ్గించేవారు?

మాజీ రేసర్: (కొద్దిసేపు ఆగి) పక్కవాడు తగ్గించినంత. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే సమయం పోతుందన్న టెన్షన్ ఉంటుంది. ప్రతి రేసర్‌కీ ఉంటుంది. అందుకే 2015లో వచ్చిన వర్చువల్ సేఫ్టీ కారు మంచి మార్పు అంటాను. ఎంత తగ్గించాలో డ్రైవర్ ఇష్టానికి వదలరు. స్టీరింగ్ మీద అంకె వస్తుంది, ప్రతి ఒక్కరూ ఆ సమయానికి కట్టుబడాలి. కాదంటే పెనాల్టీ.

పాత్రికేయురాలు: చూశారా, నిర్ణయం డ్రైవర్ చేతిలో పెట్టడమే తప్పని ఎఫ్ఐఏ వాళ్లే ఒప్పుకుని రూల్ మార్చారు. అప్పుడు ఆ ఒక్కడినే ఎలా వేలెత్తి చూపుతాం?

మాజీ రేసర్: ఆ మాటకు ఎదురు చెప్పలేను. కానీ జెండాను లెక్కచేయకపోయినా ఫర్వాలేదన్న అర్థం కుర్రాళ్లకు వెళ్లకూడదు. మన కార్టింగ్ ట్రాకుల్లో పిల్లలకు మొదట నేర్పాల్సింది అదే.

యాంకర్: సుజుకా పాఠం నేర్చుకుందా మరి?

పాత్రికేయురాలు: 2022లో అదే ట్రాక్, అదే వాన. సైన్జ్ కారు గుద్దుకుంది. పియర్ గ్యాస్లీ, అతనూ ఫ్రెంచ్ డ్రైవరే, ముందువాళ్లను అందుకోవడానికి వేగంగా వస్తుంటే ఎదురుగా ట్రాక్ పక్కన ట్రాక్టర్! రేడియోలో అతను అరిచిన తీరు విన్నవాళ్లు మరిచిపోరు. ఫిలిప్ బియాంకీ తన కొడుకు జ్ఞాపకానికే గౌరవం లేదని బాధపడ్డారు.

మాజీ రేసర్: అక్కడ గ్యాస్లీ వేగమూ ఎక్కువే. రేసు ఆపినట్టు చెప్పే రెడ్ ఫ్లాగ్ కింద గంటకు 250 కిలోమీటర్ల దాకా వెళ్లాడు, పెనాల్టీ పడింది.

పాత్రికేయురాలు: పడనివ్వండి. వేగానికి శిక్ష వేయండి, నేను కాదనను. కానీ కనుచూపు ఆనని వానలో ట్రాక్టర్ ముందు వచ్చి, కార్లు తర్వాత రావడమేంటి? అన్ని కార్లూ సేఫ్టీ కారు వెనక వరసలో చేరాయని కంట్రోల్ రూమ్‌కు తెలిసేదాకా అది గేటు దాటకూడదు. నేను కోరేది ఆ ఒక్క రూలే.

మాజీ రేసర్: తడి ట్రాక్ మీద అయితే నేనూ దానికి ఓటేస్తాను. ఎండగా ఉన్నప్పుడు, కారు ట్రాక్‌కు బాగా దూరంగా ఆగినప్పుడు కూడా అదే పెడితే ప్రతి రేసూ సగం సేఫ్టీ కారు వెనకే నడుస్తుంది.

న్యూరోసర్జన్: నడవనివ్వండి సార్.

యాంకర్: ప్రేక్షకుల ప్రశ్నలు చాలా ఉన్నాయి. చిన్న విరామం తర్వాత వాటిని తీసుకుందాం.