ప్రోగ్ రాక్ పాట కట్టాలంటే ఏడు లెక్క ఒక్కటే చాలదు

[తెర మీద చేతులు మాత్రమే, చప్పట్లు]

తకిట తకధిమి, తకిట తకధిమి. 3, 4, మొత్తం 7. ఇది వేయడం వచ్చేసింది కదా, ఇక ప్రోగ్ రాక్ (ప్రోగ్రెసివ్ రాక్, పొడవాటి పాటలు, మెలికల లెక్కలు ఉండే రాక్) పాట కట్టేయొచ్చు అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే మొదలుపెట్టాను: 11 నిమిషాల పాట, అందులో 9 రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్కలు), ఒక్కోదానికి ఒక్కో లెక్క. అంతా విని మా డ్రమ్మర్ ఒక్కటే అడిగాడు, "ఇందులో ఎన్ని పాటలున్నాయిరా?" అని.

లెక్క ముందు పెట్టుకుని అందులోకి స్వరాలు కూరితే అలాగే అతుకుల బొంత అవుతుంది. ముందు రిఫ్ దొరకాలి, అది ఎన్ని దెబ్బలో తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

[చుక్కలు, గీతలు ఒక్కొక్కటిగా తెర మీదికి]

రష్ బ్యాండ్‌కి 1981లో వచ్చిన 'వై వై జడ్' అనే మాటల్లేని పాట ఉంది. ఆ పేరు టొరాంటో విమానాశ్రయం కోడ్. ఆ మూడక్షరాల మోర్స్ కోడ్‌నే మొదట్లో దరువుగా వాయిస్తారు. వై అంటే గీత, చుక్క, గీత, గీత. గీతకు 2, చుక్కకు 1 వేసుకుంటే 7, అలాంటివి రెండు కాబట్టి 14. జడ్ అంటే రెండు గీతలు, రెండు చుక్కలు, అంటే 6. మొత్తం 20 చిన్న దెబ్బలు, నాలుగేసి కలిపితే 5 పెద్ద దెబ్బలు, అంటే సరిగ్గా 5/4! ఆ లెక్క ఎక్కడినుంచో తెచ్చి అతికించింది కాదు, అక్షరాల్లోంచే ఊడిపడింది.

[గిటార్ చేతిలోకి]

మోర్స్ కోడ్ లేకపోయినా పర్లేదు. 8 దెబ్బల రిఫ్ ఒకటి తీసుకుని చివరి దెబ్బ కోసేయండి. చెవి ఆ ఎనిమిదోదాని కోసం చూస్తుండగానే మళ్లీ మొదటిది తోసుకొచ్చేస్తుంది. ఇప్పుడు డ్రమ్స్ మాత్రం మామూలు 4/4లోనే ఉంచండి, అంటే చుట్టుకి 4 పెద్ద దెబ్బలు, సగాలుగా లెక్కేస్తే 8. గిటార్ 7, డ్రమ్స్ 8, ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ జారుతూ జారుతూ 56 దగ్గర, అంటే గిటార్ 8 చుట్లు, డ్రమ్స్ 7 బార్లు (వాటి చుట్లు) పూర్తయ్యాక, రెండూ ఒకేసారి మొదటి దెబ్బ మీద పడతాయి. కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మార్చాలన్నా, పాడేవాళ్లు అందుకోవాలన్నా అదే చోటు. నాకైతే ఆ క్షణం కోసమే ఈ తిప్పలన్నీ.

అలాగని పాటంతా మెలికలే పెడితే వినేవాళ్లకు తలనొప్పి. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' (1973)లో బేస్ రిఫ్ 7/4లో నడుస్తుంది, గిటార్ సోలో రాగానే 4/4లోకి దిగిపోతుంది. ఒక్కసారిగా రోడ్డు వెడల్పయినట్టు ఉంటుంది!

ఇక నిడివి. యెస్ బ్యాండ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' (1972) 18 నిమిషాలకు పైనే ఉంటుంది, కానీ పక్షుల కూతలు, నీళ్ల చప్పుడుతో మొదలై చివరికి అక్కడికే వస్తుంది. మీరూ కొత్త రిఫ్‌లు వెతికే బదులు ఉన్నదాన్నే సగం వేగంలో కీబోర్డ్‌కి ఇవ్వండి. లేదంటే పైన ఇ స్వరం కదపకుండా కింద ఇ మైనర్, సి మేజర్, ఏ మైనర్ కార్డ్‌లు మార్చి చూడండి. మూడింట్లోనూ ఆ స్వరం ఉంది, కానీ ప్రతిసారీ వేరేలా వినిపిస్తుంది.

మా పాత పాటలో ఇప్పుడు రెండు రిఫ్‌లే మిగిలాయి, 6 నిమిషాలకు తగ్గింది. వినిపిస్తాను. రెండో నిమిషంలో డ్రమ్స్ 4/4లోకి వచ్చేస్తాయి, మీరు మాత్రం గిటార్‌తోపాటే 7 లెక్కపెట్టండి.

[పాట మొదలు]