ట్యాప్ డేటా బయటికి ఇచ్చే ముందు కార్డు కాలమ్ సంగతి చూడండి

హలో అండి! బస్సు, రైలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మెషీన్‌కు కార్డు తాకిస్తాం కదా, అదే ట్యాప్. ఆ డేటాను బయటివాళ్లకు ఇవ్వాల్సి వస్తే చాలామంది ఏం చేస్తారంటే, కార్డు నంబరు మార్చేసి వేరే నంబరు పెట్టి, పేర్లు లేవుగా, ఇంకేం టెన్షన్ అనుకుంటారు.

మెల్‌బోర్న్‌లో అదే జరిగింది. 2018లో ఒక డేటాథాన్ (డేటాను విశ్లేషించే పోటీ) కోసం అక్కడి బస్సు, రైలు కార్డులైన మైకీ కార్డుల డేటా ఇచ్చారు: మూడేళ్లది, కోటిన్నర కార్డులు, దాదాపు 180 కోట్ల ట్యాప్‌లు. నంబర్లు మార్చారు గానీ ఒక్కో కార్డు ప్రయాణాలన్నీ ఒకే కొత్త నంబరు కింద వరసగా ఉండిపోయాయి. యూనివర్సిటీ పరిశోధకులు ముందు తమ కార్డులే వెతుక్కున్నారు, ఎప్పుడు ఎక్కారో తమకు తెలుసు కదా. తర్వాత తమతో ప్రయాణించిన సహోద్యోగి దొరికారు. ఆ తర్వాత ఒక ఎమ్మెల్యే, ఆయన ట్వీట్లు చూసి! కార్డు రకం కాలమ్ కూడా తీయలేదు మరి, శాసనసభ్యుల పాస్ ఎంతమంది దగ్గర ఉంటుంది చెప్పండి.

సరే, స్క్రీన్ మీదకి రండి. ఇది నేను తయారుచేసిన ఉత్తుత్తి డేటా. కార్డు నంబరు, కార్డు రకం, ఈ రెండు కాలమ్‌లూ డిలీట్. హ్యాష్ చేస్తే, అంటే ఒక ఫార్ములాతో నంబరును అర్థంకాని అక్షరాలుగా మార్చేస్తే చాలదా అంటారేమో, న్యూయార్క్ ట్యాక్సీల డేటాలో పర్మిట్ నంబర్లకు 2014లో అదే చేశారు. ఆ పర్మిట్ నంబర్లలో ఉండగల కాంబినేషన్లు తక్కువ కాబట్టి అన్నిటినీ హ్యాష్ చేసి పోల్చి చూసి అసలు నంబర్లు బయటికి లాగేశారు. లాగలేకపోయినా ఒకే మనిషి ప్రయాణాల గొలుసు అలాగే ఉంటుంది, అసలు ప్రమాదం అదే.

ఇప్పుడు సమయాన్ని 15 నిమిషాలకు రౌండ్ చేసి, పివట్ టేబుల్‌లో (ఎక్సెల్‌లో లెక్కలు గుంపులుగా కూడే పట్టిక) స్టాపు, సమయం పెట్టి కౌంట్ తీయండి. ఎక్కినవాళ్లకో టేబుల్, దిగినవాళ్లకో టేబుల్, రెండూ కలపొద్దు. సిడ్నీలో బస్సు, రైలుకు వాడే ఓపల్ కార్డుల డేటాను కూడా ఇలాగే విడదీసి, పైగా అంకెలకు కాస్త నాయిస్ కలిపి, అంటే కావాలనే కొంచెం అటూ ఇటూ చేసి ఇచ్చారు.

తెల్లవారుజామున ఊరి చివర స్టాపులో 1 అని కనిపిస్తోంది చూశారా? అది ఆ వీధిలో అందరికీ తెలిసిన మనిషే అయ్యుంటారు. ఇలాంటి చిన్న అంకెలు తీసేయండి. వరస చివర టోటల్ మాత్రం ఉంచితే తీసివేత చేసి మళ్లీ కనుక్కుంటారు, కాబట్టి టోటల్ కూడా తీసేయాలి.

ఎవరు ఎక్కడ బస్సు మారుతున్నారో కావాలి అని అడిగితే? ఫైలు ఇవ్వకండి, వాళ్ల ప్రశ్న తీసుకుని మీ సిస్టమ్‌లోనే లెక్క వేసి జవాబు ఇవ్వండి.